అర పాయింటు దూరంలో పాల్ కెరెస్

గత నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడు "మీకు అన్నిటికన్నా ఇష్టమైన చదరంగ ఆటగాడు ఎవరు?" అని అడిగితే, ప్రపంచ విజేతలందరినీ పక్కన పెట్టి "పాల్ కెరెస్" అని ఒక్క మాటలో జవాబు రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క మాటకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని ఊహించలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగిన చోట ఒకరి ఉత్తరాన్నే తీసుకున్నాను. ముందుగా ఒక మనవి. పావుల పేర్లు మన ఇళ్ళలో ఊరికొక రకంగా ఉంటాయి కాబట్టి, ఈ జవాబుల్లో ఏనుగు అంటే మూల గడిలో నిలిచి నిలువుగా, అడ్డంగా నడిచే పావు అనీ, శకటు అంటే ఏటవాలుగా నడిచే పావు అనీ గ్రహించగలరు. గడుల పేర్లలో అక్షరం (ఏ నుంచి హెచ్ దాకా) నిలువు వరసనూ, అంకె (1 నుంచి 8 దాకా) అడ్డ వరసనూ చెబుతాయి.

ప్రశ్న: మాస్టారూ, మీరు చెప్పిన పేరు నేను ఎన్నడూ వినలేదు. ఆనంద్, కాస్పరోవ్, ఫిషర్ పేర్లు తెలిసిన నాకు ఈయన ఎందుకు తెలియలేదు? అసలు ఎవరీయన? (ఇంజనీరింగ్ విద్యార్థి, తెనాలి)

జవాబు: మీకు తెలియకపోవడంలో మీ తప్పేమీ లేదు. ప్రపంచ విజేతల జాబితాను బట్టీ పట్టించే అలవాటు మనకు ఉంది కానీ, ఆ జాబితాలో ఉన్నవాళ్ళను వరుసగా ఓడించినవాళ్ళ జాబితా ఎవరూ చెప్పరు. కెరెస్ 1916 జనవరి 7న, నేటి ఎస్తోనియా దేశంలోని నార్వా పట్టణంలో పుట్టి, సముద్రతీరంలోని పర్ను పట్టణంలో పెరిగాడు. తండ్రి దగ్గర ఎత్తులు నేర్చుకుని అన్నతో కలిసి ఆడిన ఆ పిల్లవాడికి చదరంగం పుస్తకాలు దొరికేవి కావు. దొరికిన ఆటనల్లా చేత్తో నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయి, దాదాపు వెయ్యి ఆటలను అలా పోగుచేశాడు. ఎదురుగా కూర్చుని ఆడదగిన ప్రత్యర్థులు ఊళ్ళో చాలకపోవడంతో ఉత్తరాల ద్వారా ఆడడం మొదలుపెట్టి, ఒక దశలో ఒకేసారి నూట యాభై ఆటల వరకు నడిపాడు. కార్డు మీద ఒక ఎత్తు రాసి పంపి, జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూసే ఆ పద్ధతిలో తొందర అనేది ఉండదు కనుక, పైకి పిచ్చిగా కనిపించే దాడులను కూడా చివరికంటా లెక్కగట్టి చూసుకునే సావకాశం ఆ కుర్రవాడికి దొరికింది. ఆయన ఆటలోని సాహసానికీ, ఆ సాహసం వెనక ఉన్న లెక్కకూ మూలం ఆ పోస్టు కార్డులేనని నా నమ్మకం.

1935లో పందొమ్మిదేళ్ళ వయసులో ఎస్తోనియా విజేతగా నిలిచి, అదే ఏడు వార్సాలో దేశాల జట్ల మధ్య జరిగిన చదరంగ ఒలింపియాడ్‌లో తన దేశానికి మొదటి బల్ల మీద ఆడాడు. 1937లో ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో అలెఖీన్‌ను ఓడించి, రూబెన్ ఫైన్‌తో కలిసి మొదటి స్థానం పంచుకున్నాడు. అదే ఏడు ఆస్ట్రియాలోని జెమ్మరింగ్, బాడెన్‌లలో జరిగిన పోటీలో ఫైన్, కాపాబ్లాంకా, రెషెవ్‌స్కీ వంటివాళ్ళను వెనక్కి నెట్టి ఒంటరిగా మొదటి స్థానంలో నిలిచాడు. ఆ తరువాత 1938లో నెదర్లాండ్స్‌లో ఆవ్రో అనే రేడియో సంస్థ నిర్వహించిన పోటీ వచ్చింది. అప్పటి ప్రపంచ విజేత అలెఖీన్, మాజీ విజేతలు కాపాబ్లాంకా, యూవె, కాబోయే విజేత బోత్విన్నిక్, వాళ్ళతోపాటు ఫైన్, రెషెవ్‌స్కీ, ఫ్లోర్ ఉన్న ఆ ఎనిమిది మందిలో, పద్నాలుగు ఆటలకు (గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర) ఎనిమిదిన్నర పాయింట్లతో కెరెస్, ఫైన్ సమానంగా నిలిచారు, వాళ్ళలో కెరెస్ ఒక్క ఆట కూడా ఓడలేదు. ఇద్దరి మధ్య జరిగిన ఆటల్లో కెరెస్‌ది పైచేయి కావడంతో మొదటి స్థానం ఆయనకే దక్కింది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు.

కాపాబ్లాంకా, అలెఖీన్, యూవె, బోత్విన్నిక్, స్మిస్లోవ్, తాల్, పెట్రోస్యాన్, స్పాస్కీ, ఫిషర్: ఈ తొమ్మిది మంది ప్రపంచ విజేతలనూ ఆయన తన జీవితకాలంలో కనీసం ఒక్కొక్కసారి ఓడించాడు. 1921లో కాపాబ్లాంకా విజేత అయినప్పటి నుంచి 1975లో ఫిషర్ ఆ బిరుదు వదులుకునే దాకా కిరీటం పెట్టుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఈ జాబితాకు బయట లేరు.

ప్రశ్న: ఆవ్రో పోటీలో గెలిచినవాడికి ప్రపంచ విజేతతో ఆడే అవకాశం ఇస్తామన్నారని ఎక్కడో చదివాను. మరి ఆ మ్యాచ్ ఎందుకు జరగలేదు? (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: ఈనాటి పద్ధతికి అలవాటు పడిన మనకు ఇది అన్యాయంగా తోస్తుంది కానీ, ఆ రోజుల్లో ప్రపంచ బిరుదు దాదాపు విజేత సొంత ఆస్తిలాగే ఉండేది. ఎవరితో ఆడాలి, ఎప్పుడు ఆడాలి, ఎంత సొమ్ము పోగైతే ఆడాలి అన్నది విజేతా, సవాలు చేసినవాడూ బేరమాడుకుని తేల్చుకోవలసిన సంగతి. ఆవ్రో నిర్వాహకులు తమ పోటీలో గెలిచినవాడే అలెఖీన్‌కు ప్రత్యర్థి కావాలని ఆశించిన మాట నిజమే. అయితే అలెఖీన్ ఆ షరతుకు తనను తాను కట్టుబరచుకోలేదు. సంప్రదింపులకైనా తీరిక దొరకాలి కదా, ఏడాది తిరగకముందే యూరప్ యుద్ధంలో మునిగింది.

1939 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బ్యూనస్ ఐరిస్‌లో ఒలింపియాడ్ సాగుతుండగానే యుద్ధం మొదలైంది. పోలండ్ ఆటగాడు నయ్‌డోర్ఫ్ వంటివాళ్ళు తిరిగి వెళ్ళలేక అర్జెంటీనాలోనే ఉండిపోయారు. జర్మనీ, పోలండ్‌ల తరువాత మూడో స్థానం సాధించిన ఎస్తోనియా జట్టులోని కెరెస్ మాత్రం ఇంటికి తిరిగి వెళ్ళాడు. చిన్న దేశం గెలుచుకున్న ఆ పతకం పాతబడకముందే దేశమే లేకుండా పోయింది. 1940లో ఎస్తోనియాను సోవియట్ యూనియన్ కలుపుకుంది, 1941లో జర్మన్ సైన్యం ఆక్రమించింది, 1944లో సోవియట్ సైన్యం తిరిగి వచ్చింది. తార్తు విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్న ఒక యువకుడు తన ఊరు వదలకుండానే నాలుగేళ్ళలో మూడు జెండాల కింద బతికాడు.

జర్మన్ ఆక్రమణ కాలంలో ఆయన సాల్జ్‌బర్గ్, మ్యూనిక్ వంటి చోట్ల జరిగిన పోటీల్లో ఆడాడు. సోవియట్ అధికారులు తిరిగి వచ్చాక ఆ సంగతి ఆయన మెడకు చుట్టుకుంది. విచారణలు జరిగాయి, కొంతకాలం విదేశీ పోటీలకు పంపలేదు, 1946లో గ్రోనింగెన్‌లో జరిగిన పెద్ద పోటీలో ఆయన పేరు లేదు. ఇరవై రెండేళ్ళకు తలుపు దాకా చేరినవాడికి ఆ తలుపు మళ్ళీ కనిపించేసరికి ముప్పై రెండేళ్ళు వచ్చాయి. ఆటగాడి జీవితంలో ఆ పదేళ్ళ విలువ ఎంతో ఆడేవాళ్ళకు తెలుసు. ఈ ఒక్క నష్టాన్ని మాత్రం నేను నిస్సంకోచంగా చరిత్ర ఖాతాలో రాస్తాను.

ప్రశ్న: 1948 ప్రపంచ పోటీలో కెరెస్ కావాలనే బోత్విన్నిక్ చేతిలో ఓడిపోయాడని, ప్రభుత్వం బెదిరించిందని అంటారు. ఇందులో నిజమెంత? (న్యాయవాది, విజయవాడ)

జవాబు: మీరు న్యాయవాది కనుక సాక్ష్యాన్ని, ఊహను విడివిడిగానే పెడతాను.

అలెఖీన్ 1946లో విజేతగా ఉండగానే చనిపోవడంతో సింహాసనం ఖాళీ అయింది. దాన్ని నింపడానికి ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఐదుగురితో ఒక పోటీ పెట్టి, ఒక్కొక్కరు మిగిలిన నలుగురితో ఐదేసి ఆటలు ఆడేలా, తొలి భాగాన్ని నెదర్లాండ్స్‌లోని హేగ్‌లోనూ, తరువాతి భాగాన్ని మాస్కోలోనూ జరిపింది. ఇరవై ఆటల్లో బోత్విన్నిక్ 14, స్మిస్లోవ్ 11, కెరెస్, రెషెవ్‌స్కీ చెరి పదిన్నర, యూవె 4 పాయింట్లు సాధించారు. బోత్విన్నిక్‌తో కెరెస్ ఆడిన ఐదు ఆటల్లో మొదటి నాలుగూ ఓడిపోయాడు. బోత్విన్నిక్ విజయం ఖాయమైపోయాక ఆడిన ఐదవ ఆటలో గెలిచాడు. ఇంతవరకు రికార్డు.

అనుమానానికి ఈ వరుసే పునాది. ఆ నాలుగు ఆటలూ డ్రా అయి ఉంటే బోత్విన్నిక్‌కు 12, కెరెస్‌కు పన్నెండున్నర వచ్చేవని లెక్క చూసినప్పుడల్లా నాకు కూడా మనసు చివుక్కుమంటుంది. అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ లారీ ఎవాన్స్ ఆ ఆటలను పరిశీలించి, కెరెస్ కావాలనే ఓడాడని తేల్చాడు. అదే ఆటలను చూసిన మరికొందరు, అవి భయంలో, అలసటలో ఆడిన చెడ్డ ఆటలే తప్ప అమ్ముడుపోయిన ఆటలు కావన్నారు. స్వయంగా బోత్విన్నిక్ 1991లో ఒక డచ్ పత్రికతో మాట్లాడుతూ, మాస్కో భాగంలో మిగిలిన సోవియట్ ఆటగాళ్ళు తనకు ఓడిపోవాలన్న ప్రతిపాదన పైనుంచి వచ్చిందనీ, తాను దానికి ఒప్పుకోలేదనీ చెప్పాడు. అటువంటి ప్రతిపాదన ఒకటి గాలిలో ఉన్నదన్న సంగతి దీన్నిబట్టి తెలుస్తుంది కానీ, కెరెస్ ఏ ఆటనైనా వదులుకున్నాడని తెలియదు. కెరెస్ ఈ విషయంలో బహిరంగంగా ఎవరినీ నిందించలేదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. నిన్నమొన్నటి దాకా విచారణలో ఉన్న మనిషి, తన కుటుంబం ఎవరి గుప్పిట్లో ఉన్నదో తెలిసిన మనిషి, ఆ రాజ్యం ముద్దుబిడ్డ ఎదుట కూర్చున్నప్పుడు, ఎవరూ ప్రత్యేకంగా వచ్చి బెదిరించనవసరం లేదు. ఆ కుర్చీలో కూర్చోవడమే చాలు. అయినా దాన్ని కుట్ర అని నేను రాయను. సాక్ష్యం లేని సానుభూతి చివరికి ఆయన ఆటను అవమానించినట్టే అవుతుంది. నాలుగు ఆటలు ఆయన వదిలేశాడని నమ్మితే, ఐదవది ఆయన గెలిచాడని ఎలా నమ్ముతాం?

ప్రశ్న: 1948ని వదిలేద్దాం. ఆ తరువాత నాలుగుసార్లు వరుసగా రెండో స్థానంలోనే ఆగిపోయాడు కదా! దీన్ని దురదృష్టం అనాలా, కీలక సమయంలో నిలబడలేని బలహీనత అనాలా? ఆయనను "మకుటం లేని మహారాజు" అనవచ్చా? (చదరంగ శిక్షకుడు, వరంగల్)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న ఇది. ముందు చివరి భాగానికి జవాబు చెబుతాను. "మకుటం లేని మహారాజు" అన్న మాట మన పత్రికల్లో ఎంత చలామణీలో ఉన్నా, కెరెస్‌కు దాన్ని వాడడం నాకు ఇష్టం ఉండదు. ఆ మాట అనగానే మకుటాన్ని ఎవరో దొంగిలించారన్న అర్థం వస్తుంది. 1939లో దొంగిలించారు, ఒప్పుకుంటాను. 1953 నుంచి 1962 వరకు మాత్రం ఎవరూ దొంగిలించలేదు, బల్ల మీదే చేజారింది. ఎలా చేజారిందో చూస్తేనే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

అప్పటికి పద్ధతి మారి, ప్రపంచ విజేతను సవాలు చేసేవాడిని ఎంపిక చేయడానికి కాండిడేట్స్ పోటీ వచ్చింది. అందులో మొదటివాడికే సవాలు చేసే హక్కు ఉండేది, రెండోవాడు మూడేళ్ళు ఆగి మళ్ళీ ప్రయత్నించవలసిందే. 1953లో స్విట్జర్లాండ్‌లోని నాయ్‌హౌజెన్, జూరిక్‌లలో పదిహేను మంది ఆడిన పోటీలో స్మిస్లోవ్ 18 పాయింట్లతో గెలవగా, కెరెస్, బ్రాన్‌స్టైన్, రెషెవ్‌స్కీ పదహారేసి పాయింట్లతో రెండో స్థానం పంచుకున్నారు. ఈ పోటీ చివరి భాగంలో కెరెస్, స్మిస్లోవ్ తలపడిన ఆటను వీలైతే బల్ల మీద పావులు పేర్చి చూడండి. ముందున్న స్మిస్లోవ్‌ను అందుకోవాలంటే తెల్ల పావులతో ఆడుతున్న కెరెస్‌కు గెలుపు కావాలి. ఆయన తన ఏనుగులు రెండిటినీ బంట్ల వెనక నుంచి బయటికి లాగి, ఒకదాన్ని హెచ్5లోనూ, రెండోదాన్ని పందొమ్మిదవ ఎత్తులో హెచ్3లోనూ నిలిపి, నల్లరాజు కోట గోడకు రెండు ఏనుగులను గురిపెట్టాడు. ముందున్న ఏనుగును నల్ల బంటు తీసుకోవచ్చు. తీసుకుంటే తెల్ల మంత్రి రంగంలోకి దూకి రాజును చుట్టుముడుతుంది. స్మిస్లోవ్ చాలాసేపు ఆలోచించి, ఉచితంగా దొరుకుతున్న ఆ ఏనుగును ముట్టుకోకుండా, బల్లకు అవతలి వైపున సీ4 గడిలోని బంటును తీసుకున్నాడు. దాంతో మధ్య దారులు తెరుచుకుని నల్ల మంత్రికీ, శకటుకూ ఊపిరి వచ్చింది. ఆ బంటే ముందుకు నడిచి సీ3కి, అక్కడి నుంచి సీ2కు చేరింది. ఇరవై ఎనిమిదవ ఎత్తు దగ్గర కెరెస్ ఓటమి ఒప్పుకున్నాడు.

దీన్ని బలహీనత అంటారా? అర పాయింటుతో సరిపెట్టుకుని రెండో స్థానాన్ని కాపాడుకోవడం ఆ రోజు ఆయనకు చేతకాని పనేమీ కాదు. మొదటి స్థానం కోసం ఏనుగును ఎరవేశాడు, ఎదుటివాడు ఎర మింగలేదు. ఎత్తుకు పై ఎత్తు అంటే అదే. అక్కడ స్మిస్లోవ్ గొప్పగా ఆడాడు, అంతే.

1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మళ్ళీ స్మిస్లోవే ముందు నిలిచాడు, కెరెస్ రెండు. 1959 కథ వేరు, నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది. యుగోస్లావియాలో ఎనిమిది మంది ఒకరితో ఒకరు నాలుగేసి ఆటలు ఆడిన ఆ పోటీలో తాల్ 20 పాయింట్లతో గెలిచాడు, కెరెస్ పద్దెనిమిదిన్నరతో రెండోవాడయ్యాడు. అయితే వాళ్ళిద్దరి మధ్య జరిగిన నాలుగు ఆటల లెక్క చూస్తే కెరెస్ 3, తాల్ 1. అంటే మొదటి స్థానంలో నిలిచినవాడిని కెరెస్ చిత్తుచేశాడు. తాల్ మాత్రం అడుగున ఉన్నవాళ్ళను కనికరం లేకుండా ఊడ్చుకుపోయి, పదహారేళ్ళ ఫిషర్‌ను నాలుగుకు నాలుగు ఓడించి, పాయింట్లు అక్కడ పోగేసుకున్నాడు. అదే ఫిషర్‌తో కెరెస్ చెరి రెండు పంచుకున్నాడు. శిక్షకులైన మీకు ఇందులోని కిటుకు చెప్పనక్కరలేదు. పెద్ద పోటీలో పాయింట్లు బలవంతుల దగ్గర తక్కువగా, బలహీనుల దగ్గర ఎక్కువగా దొరుకుతాయి. కెరెస్ సమఉజ్జీతో ఆడినప్పుడు ఎంత ప్రమాదకరమో, తనకన్నా తక్కువవాడితో ఆడేటప్పుడు అంత కఠినుడు కాడు. ఇది లోపమే. దీన్ని లోపమని ఒప్పుకోవడానికి అభిమానులు వెనకాడకూడదు.

1962లో కరీబియన్ దీవి కురసావ్‌లో పెట్రోస్యాన్ పదిహేడున్నర, కెరెస్, గెల్లర్ చెరి 17. ఈ ముగ్గురూ తమలో తాము ఆడిన పన్నెండు ఆటలనూ డ్రా చేసుకున్నారు. అది ముందే కుదిరిన ఒప్పందమని ఫిషర్ బహిరంగంగా ఆరోపించాడు, తరువాతి ఎంపికలను ఫిడే ముఖాముఖి మ్యాచ్‌లుగా మార్చింది. ఆ డ్రాలు నాకు కూడా నచ్చవు. కానీ కెరెస్‌ను ముంచినవి అవి కావు. ముగింపు దగ్గరపడ్డాక, ఆ పోటీలోనే అంతకుముందు తాను ఓడించిన పాల్ బెంకో చేతిలో ఆయన ఒక ఆట ఓడిపోయాడు. ఆ ఆట డ్రా అయి ఉంటే పెట్రోస్యాన్‌తో సమానం, గెలిచి ఉంటే నలభై ఆరేళ్ళ వయసులో బోత్విన్నిక్‌ను సవాలు చేసేవాడు. 1965లో స్పాస్కీతో జరిగిన మ్యాచ్‌లో ఆరుకు నాలుగుతో ఓడిపోవడంతో ఆ ప్రయత్నాల అధ్యాయం ముగిసింది. ఆ స్పాస్కీ నాలుగేళ్ళ తరువాత ప్రపంచ విజేత అయ్యాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. ఒకసారి రెండో స్థానం రావడానికి అదృష్టం చాలు. తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు, ముగ్గురు వేరువేరు విజేతల వెనక, ప్రతిసారీ రెండోవాడిగా నిలవడానికి మాత్రం అదృష్టం, దురదృష్టం రెండూ చాలవు. ఆ తొమ్మిదేళ్ళలో స్మిస్లోవ్, తాల్, పెట్రోస్యాన్ ఒకరి తరువాత ఒకరు వచ్చి తమ శిఖరం మీద ఆ పోటీలు గెలిచారు. వాళ్ళలో ఎవరు వచ్చినా ఎదురుగా కెరెస్ ఉన్నాడు.

ప్రశ్న: కిరీటం దక్కని మహామహులు ఇంకా ఉన్నారు కదా, వాళ్ళను వదిలేసి కెరెస్‌నే ఎందుకు ఎంచుకున్నారు? (పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఉన్నారు. 1912లో ఒకే ఏట ఐదు పెద్ద పోటీల్లో అగ్రస్థానం పొందిన రూబిన్‌స్టైన్ ఉన్నాడు. 1951లో బోత్విన్నిక్‌తో పన్నెండుకు పన్నెండు సమం చేసి, పాత విజేతకే బిరుదు మిగలాలన్న నియమం వల్ల ఒట్టి చేతులతో వెనుదిరిగిన బ్రాన్‌స్టైన్ ఉన్నాడు. 1978లో కార్పోవ్‌తో ఐదుకు ఐదు గెలుపుల దాకా వచ్చి ఆఖరి ఆటలో ఓడిన కోర్చ్‌నోయ్ ఉన్నాడు. ఆ ముగ్గురి ఆటలూ నాకు ఇష్టమే. కెరెస్ మీద మొగ్గు ఎందుకంటే, నేను చదరంగంలో అంతిమ దశ ఆటలను నేర్చుకున్నది ఆయన రాసిన పుస్తకం చదివి. గురువు మీద పక్షపాతం ఉండడం సహజమని క్షమించగలరు.

ప్రశ్న: కంప్యూటర్లు మనుషులను దాటిపోయిన ఈ కాలంలో, అరవై డెబ్బై ఏళ్ళనాటి ఆటగాడిది ఏదైనా నేటి ఆటలో మిగిలి ఉందా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

జవాబు: ఉంది, మీరు ఆన్‌లైన్‌లో నల్ల పావులతో సిసిలియన్ డిఫెన్స్ అనే ఆరంభ పద్ధతి ఆడేవాళ్ళయితే ఈపాటికి ఒకటి రెండుసార్లు దాని దెబ్బ తినే ఉంటారు. అందులో షెవెనింగెన్ అనే రకంలో నల్లవాడు ఈ6, డీ6 గడుల్లో చిన్న బంట్ల గోడ కట్టి, ఎఫ్6లో గుర్రాన్ని నిలిపి నెమ్మదిగా సర్దుకుంటాడు. అప్పటిదాకా తెల్లవాళ్ళు కూడా మర్యాదగా తమ పావులను బయటికి తెచ్చుకుని, రాజును భద్రపరచుకుని, ఆ తరువాత యుద్ధం గురించి ఆలోచించేవారు. 1943లో సాల్జ్‌బర్గ్‌లో బోగల్యూబోవ్ మీద కెరెస్ ఆ మర్యాదను పక్కన పెట్టి, ఆరవ ఎత్తులోనే జీ బంటును రెండు గడులు తోసి జీ4లో నిలిపాడు.

చూడడానికి అది తన రాజు ఇంటి గోడను తానే పడగొట్టుకోవడంలా ఉంటుంది. కానీ అందులో లెక్క ఉంది. తెల్ల గుర్రం అప్పటికే ఎఫ్3 వదిలి డీ4కు వెళ్ళిపోయింది కాబట్టి, డీ1లో ఉన్న తెల్ల మంత్రి చూపు ఏటవాలుగా ఏ అడ్డూ లేకుండా జీ4 దాకా పోతుంది. నల్ల గుర్రం ఆ బంటును తీసుకుంటే మంత్రి దాన్ని తినేస్తుంది. సీ8లోని నల్ల శకటు సాయం వద్దామంటే ఈ6లోని సొంత బంటే దారికి అడ్డం. కాబట్టి ఆ బంటు నిర్భయంగా మరొక అడుగు వేసి జీ5కు వచ్చి, నల్లవాడు ఎంతో ఇష్టంగా నిలబెట్టుకున్న గుర్రాన్ని తరిమేస్తుంది. ఈ దాడికి ఆయన పేరే మిగిలిపోయింది. 1984లో ప్రపంచ బిరుదు మ్యాచ్ తొలి ఆటలోనే కార్పోవ్ దీన్ని కాస్పరోవ్ మీద ప్రయోగించాడు. ఆ తరువాత కాస్పరోవ్ అదే స్థితికి మరొక దారిలో చేరుకోవడానికి ఎత్తుల వరసను మార్చుకున్నాడు. మరణించి తొమ్మిదేళ్ళయిన మనిషి, ప్రపంచ విజేత కాబోతున్నవాడి చేత దారి మార్పించాడన్నమాట.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి పన్నెండేళ్ళు. జిల్లా పోటీల్లో వరుసగా రెండేళ్ళు రెండో స్థానమే వచ్చింది. "రెండోవాళ్ళను ఎవరు గుర్తుపెట్టుకుంటారు" అని చుట్టాలు దాని ముందే అంటున్నారు. మానేస్తానంటోంది. ఏం చెప్పను? (గృహిణి, కాకినాడ)

జవాబు: అమ్మా, కెరెస్ కథ చెప్పి అమ్మాయిని ఊరడించమని నేను సలహా ఇవ్వను. పన్నెండేళ్ళ పిల్లకు ఎస్తోనియా చరిత్ర ఓదార్పు కాదు. నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒక బహుమతుల సభలో రెండో స్థానం వచ్చిన పిల్లవాడి పేరు చదవడమే మరిచిపోయారు. వాడు వేదిక మెట్ల దగ్గర చాలాసేపు నిలబడి, ఎవరూ పిలవకపోయేసరికి వెళ్ళి తన వరసలో కూర్చున్నాడు. అందువల్ల మీ అమ్మాయి బాధ చిన్నదని నేను అనను.

చేయదగిన పని ఒకటి చెబుతాను. ఆ రెండేళ్ళలో ఓడిన ఆటల ఎత్తులు రాసిన కాగితాలు ఆమె దగ్గర ఉంటే, వాటిని ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించమనండి, ఎక్కడ ఆట తిరగబడిందో ఆ ఎత్తు కింద గీత గీయమనండి. పర్ను కుర్రవాడు చేసింది అదే. చుట్టాలకు మాత్రం మన కోనేరు హంపి పేరు చెప్పవచ్చు. గుడివాడలో పుట్టి, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిన ఆమె 2011లో అల్బేనియా రాజధాని టిరానాలో మహిళల ప్రపంచ బిరుదు కోసం హౌ ఇఫాన్‌తో ఆడి ఓడిపోయింది. ఆ బిరుదు ఆమెకు దక్కలేదు. తక్కువ వ్యవధిలో ఆడే ర్యాపిడ్ విభాగంలో 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ విజేతగా నిలిచింది. 2011కీ 2024కీ మధ్య పదమూడేళ్ళు. ఆ పదమూడేళ్ళలో ఆమె వివాహం చేసుకుంది, బిడ్డకు తల్లయింది, కొంతకాలం ఆటకు దూరంగా ఉంది, తిరిగి వచ్చింది. మానేయాలా వద్దా అన్నది మీ అమ్మాయే నిర్ణయించుకోవాలి, చుట్టాలు కాదు.

ప్రశ్న: ఒక ఆటగాడి బొమ్మను కరెన్సీ నోటు మీద ముద్రించారని విన్నాను. అది ఈయనేనా? (పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఈయనే. సోవియట్ యూనియన్ నుంచి విడివడిన ఎస్తోనియా తన సొంత కరెన్సీ క్రూన్‌ను తెచ్చుకున్నప్పుడు, ఐదు క్రూన్ల నోటు మీద కెరెస్ ముఖాన్నీ, వెనక వైపున ఆయన పుట్టిన ఊరు నార్వాలోని కోటనూ ముద్రించింది. 2011లో ఆ దేశం యూరోకు మారేదాకా ఆ నోటు చలామణీలో ఉంది. 2016లో శతజయంతి సందర్భంగా రెండు యూరోల నాణెం కూడా విడుదల చేశారు. సోవియట్ జట్టు తరఫున 1952 నుంచి 1964 వరకు వరుసగా ఏడు ఒలింపియాడ్‌లలో స్వర్ణ పతకం పంచుకుని, 1947, 1950, 1951లలో ఆ మహాదేశానికి విజేతగా నిలిచిన మనిషిని, ఎస్తోనియా ప్రజలు ఒక్కనాడూ పరాయివాడనుకోలేదు. 1975లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక పోటీ గెలిచి ఇంటికి తిరిగి వస్తూ, జూన్ 5న హెల్సింకిలో గుండెపోటుతో ఆయన కన్నుమూశాడు. సముద్రానికి ఆవలి ఒడ్డున, కొద్ది గంటల ప్రయాణ దూరంలో, ఆయన ఇల్లున్న తాలిన్ ఉంది. ఆయనకు అప్పటికి యాభై తొమ్మిదేళ్ళు. చివరి పోటీలో ఆయన స్థానం మొదటిది.

ప్రశ్న: ఆయన ఆటల్లో ముందుగా ఏది చూడమంటారు? ఒక్కటి చెప్పండి చాలు. (ఇంటర్ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: 1937లో మార్గేట్‌లో అలెఖీన్‌తో ఆడినది. చిన్న ఆట, ఇరవై మూడే ఎత్తులు, ఒక్క సాయంత్రం చాలు. ఇరవై రెండవ ఎత్తులో నల్లవాడైన అలెఖీన్ తన మంత్రిని ఈ7 నుంచి బీ4కు తీసుకువెళ్ళి ఎదురుదాడికి దిగుతాడు. అక్కడ ఆగి, జవాబు చూడకుండా, ఆ మంత్రి కదలడం వల్ల ఏ గడికి కాపలా పోయిందో వెతకండి. దొరకకపోతే తెల్ల ఏనుగులు రెండూ ఏ నిలువు వరసల్లో నిలబడి ఉన్నాయో చూడండి. కెరెస్ డీ3లోని తన మంత్రితో డీ7లోని శకటును కొట్టాడు. నల్ల ఏనుగు మంత్రిని తీసుకుంటే, తెల్ల ఏనుగు ఈ8కి చేరి రాజుకు చెక్ చెబుతుంది. నల్ల ఏనుగు వెనక్కి వచ్చి అడ్డం నిలబడితే రెండో తెల్ల ఏనుగు దాన్ని తీసుకుంటుంది, ఆట కట్టు. అలెఖీన్ ఆ ఎత్తులేవీ ఆడనివ్వలేదు, మంత్రి డీ7లో దిగగానే ఓటమి ఒప్పుకున్నాడు. ఆ ఆట అయ్యాక, పైన వరంగల్ శిక్షకుడికి రాసిన జవాబులోని జూరిక్ ఆటను కూడా పేర్చండి. ఈసారి నల్ల పావుల వైపు కూర్చుని, పందొమ్మిదవ ఎత్తు దగ్గర ఆ ఏనుగును తీసుకోవాలో వద్దో మీరే లెక్కగట్టి చూడండి.